85 ఎఫ్ 1.4 కొనాలా, 135 ఎఫ్ 1.8 కొనాలా? ముందు ఆ వేపచెట్టు సంగతి చూద్దాం

మీ దగ్గర ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, 85 ఎఫ్ 1.8 లెన్స్ ఉన్నాయి. ఇందులో 85 అన్నది మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి. 1.8 అన్నది ఎఫ్ సంఖ్య, అది తగ్గేకొద్దీ లెన్స్ రంధ్రం పెద్దదవుతుంది. వారాంతాల్లో పిల్లల ఫోటోలు, పెళ్లికి ముందు జంటల ఫోటోలు తీస్తున్నారు. ఒక పాపను వేపచెట్టు ముందు కూర్చోబెట్టి తీస్తే వెనక భాగం గులకరాళ్లు పరిచినట్టు, గీతలు గీతలుగా వచ్చిందని, అప్పటి నుంచి ఆ లెన్స్ మీద మనసు విరిగిందని రాశారు. దాన్ని అమ్మేసి 85 ఎఫ్ 1.4కు వెళ్లాలా, 135 ఎఫ్ 1.8 తీసుకోవాలా, దేని నాణ్యత మెరుగు అన్నది మీ ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాను. 85 ఎఫ్ 1.4 వద్దు. ఉన్న 85 అమ్మవద్దు. మీ పనిలో ఎక్కువ భాగం ఆరుబయట అయితే 135 కొనండి, ఫంక్షన్ హాళ్లలో అయితే అదీ వద్దు. ఇక వేపచెట్టు ఫోటోకు ఈ రెండు లెన్సుల్లో ఏదీ పూర్తి మందు కాదు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా పెళ్లి ఫోటోలు తీస్తూ, ఈ మూడు రకాల లెన్సులూ కొని, రెండు అమ్మి, ఒకటి మళ్లీ కొన్నవాడిగా చెబుతున్నాను.

బ్లర్, అంటే వెనక భాగం మసకబారడం, ఎంత వస్తుందన్నది ఎఫ్ సంఖ్య ఒక్కటే చెప్పదు. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగించండి. వచ్చేది ముందు నుంచి చూసినప్పుడు లెన్స్‌లో కనిపించే రంధ్రం వెడల్పు. 85 ఎఫ్ 1.8కు అది 47 మిల్లీమీటర్లు. 85 ఎఫ్ 1.4కు దాదాపు 61. 135 ఎఫ్ 1.8కు 75. అందరూ వాడే 70-200 ఎఫ్ 2.8 జూమ్‌ను 200 దగ్గర పెడితే 71.

ఈ అంకెకు ఒక ముచ్చటైన అర్థం ఉంది. ఫోటో తీయించుకునే మనిషి చెంప పక్కన ఒక స్కేలు పట్టుకున్నారనుకోండి. ఎంతో దూరంలో ఉన్న ఒక దీపం ఫోటోలో గుండ్రటి మచ్చగా మారుతుంది కదా, ఆ మచ్చను ఆ స్కేలుతో కొలిస్తే సరిగ్గా ఆ రంధ్రం వెడల్పే వస్తుంది. మనిషి ముఖం వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు అనుకుంటే, 135 ఎఫ్ 1.8తో దుర్గం చెరువు ఇవతలి గట్టు నుంచి తీసినప్పుడు కేబుల్ బ్రిడ్జి మీది ఒక్కో దీపం సగం ముఖమంత గుండ్రంగా విచ్చుకుంటుంది. మీ 85 ఎఫ్ 1.8తో మూడో వంతు ముఖమంత. ఇందులో కెమెరా సెన్సర్ ప్రసక్తే లేదని గమనించండి. చిన్న సెన్సర్ కెమెరాకు 56 ఎఫ్ 1.2 లెన్స్ తగిలించినవాడికీ రంధ్రం 47 మిల్లీమీటర్లే. అంటే అతని బ్లరూ మీ బ్లరూ ఒకటే.

పైన చెప్పింది వెనక ఉన్న వస్తువు చాలా దూరంలో ఉన్నప్పటి మాట. దగ్గరగా ఉంటే లెక్క మారుతుంది, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నడుము వరకు వచ్చే ఫోటోకు 85తో మనిషికి రెండున్నర మీటర్ల దూరంలో నిలబడతాం. అదే ఫ్రేమ్ 135తో రావాలంటే నాలుగు మీటర్లు వెనక్కి వెళ్లాలి. మనిషికి వెనక ఒక మీటరు దూరంలో గోడ ఉంటే, దాని మీది ఒక చుక్క 135 ఎఫ్ 1.8తో ముఖం పక్కన స్కేలు మీద 15 మిల్లీమీటర్లు పరుచుకుంటుంది. 85 ఎఫ్ 1.4తో 17. మూడు మీటర్ల వెనక అయితే వరుసగా 32, 33. నాలుగు మీటర్ల దగ్గర రెండూ సమానం. అక్కడి నుంచి 135 ముందుకు పోతుంది. ముప్పై మీటర్ల వెనక ఉన్న చెట్ల వరుసకు 135తో 66, 85 ఎఫ్ 1.4తో 56, మీ 85 ఎఫ్ 1.8తో 44. లెక్క కావాలంటే ఇది: రంధ్రం వెడల్పును మనిషికీ వెనక వస్తువుకూ మధ్య దూరంతో గుణించి, లెన్స్ నుంచి ఆ వస్తువుకున్న మొత్తం దూరంతో భాగించండి. ఫోన్లో క్యాలిక్యులేటర్ చాలు.

నేను మొదటి 135 కొన్న వారంలోనే ఒక రిసెప్షన్‌కు తీసుకెళ్లాను. వేదిక మీద వధూవరుల వెనక మీటరున్నర దూరంలో పూల తెర, దానికి గుచ్చిన సీరియల్ బల్బులు. నాలుగైదు మీటర్లు వెనక్కి జరిగితే నాకూ జంటకూ మధ్య అక్షింతలు వేసే వరుస, వీడియోవాళ్ల స్టాండ్లు, ఐస్‌క్రీమ్ కప్పులతో పిల్లలు. ఎలాగో తీసిన ఫోటోల్లో బ్లర్ నా పాత 85తో వచ్చేదానికన్నా పెద్దగా ఎక్కువేమీ లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి కాగితం మీద ఈ లెక్క వేసుకున్నాను. కొనక ముందు వేసుకోవలసింది.

అయితే 135కు ఇంకో రెండు సుగుణాలున్నాయి, వీటి గురించి తక్కువ మంది మాట్లాడతారు.

మొదటిది, వెనక నుంచి ఫ్రేమ్‌లోకి ఎంత వస్తుందన్నది. నడుము వరకు తీసిన ఫోటో ఎత్తు మనిషి దగ్గర సుమారు మీటరు. ముప్పై మీటర్ల వెనకకు వెళ్లేసరికి 85 ఫ్రేమ్ 13 మీటర్ల ఎత్తు మేర పట్టుకుంటుంది, 135 ఎనిమిదిన్నర మీటర్లే పట్టుకుంటుంది. నెక్లెస్ రోడ్డు మీద తీసినవాళ్లకు దీని విలువ తెలుసు. కరెంటు స్తంభం, హోర్డింగు, మొక్కజొన్న కంకుల బండి, వీటిలో రెండైనా బయటికి పోతాయి. ఎంత బ్లర్ చేసినా ఎర్ర హోర్డింగు ఎర్ర మరకగా మిగులుతుంది. అసలు ఫ్రేమ్‌లోకే రాకపోతే ఆ గొడవే లేదు.

రెండోది ముఖం మీది స్పష్టత. ఒకే ఫ్రేమ్‌లో మనిషిని ఉంచినప్పుడు, ఎంత లోతు వరకు స్పష్టంగా ఉంటుందన్నది దాదాపుగా ఎఫ్ సంఖ్య మీదే ఆధారపడుతుంది. దూరపు నేపథ్యం ఎంత కరుగుతుందన్నది రంధ్రం వెడల్పు మీద. ఈ రెండూ వేర్వేరు. 85 ఎఫ్ 1.4తో రెండున్నర మీటర్ల దగ్గర స్పష్టత లోతు ఏడు సెంటీమీటర్లు. 135 ఎఫ్ 1.8తో నాలుగు మీటర్ల దగ్గర తొమ్మిదిన్నర. అంటే వెనక దూరంగా ఉన్నప్పుడు 135 ఎక్కువ కరిగిస్తూనే ముఖంలో ఎక్కువ భాగాన్ని స్పష్టంగా ఉంచుతుంది. పాప తల కొంచెం తిప్పినా రెండో కన్ను పోదు. 85 ఎఫ్ 1.4తో ముఖం నిండా వచ్చేలా 1.2 మీటర్లకు దగ్గరపడితే ఆ లోతు ఒకటిన్నర సెంటీమీటరు పైచిలుకు. రెప్ప మీద ఫోకస్ పడితే ముక్కుపుడక పోతుంది, ముక్కుపుడక మీద పడితే కన్ను పోతుంది. పెళ్లికూతురి అమ్మగారు ఆల్బమ్ చూస్తూ "ఇది కదిలిందా బాబూ?" అని అడిగితే బోకే (బ్లర్ తీరు) సిద్ధాంతం చెప్పి ఒప్పించలేం.

ఇక బ్లర్ ఎంత అన్నది వదిలి, ఎలాంటిది అన్న దగ్గరికి వద్దాం. మీ వేపచెట్టు జబ్బు ఇక్కడిదే.

వేపాకుల మధ్య సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. ప్రతి సందూ ఒక చిన్న దీపం లాంటిది, పక్కనే చీకటి ఆకు. ప్రతి దీపమూ ఒక గుండ్రటి మచ్చ అవుతుంది, అలాంటి వందల మచ్చలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక్కో మచ్చలో వెలుగు ఎలా పరుచుకుందన్నదే మొత్తం బొమ్మను తేలుస్తుంది. మధ్యలో వెలుగు ఎక్కువగా, అంచుకు పోయేకొద్దీ సన్నగిల్లితే మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, వెన్న రాసినట్టుంటుంది. అంచు ప్రకాశవంతంగా, చేతి గాజులా ఉంటే కలవవు. వందల గాజులు పోసినట్టు కనిపిస్తాయి. సన్నటి కొమ్మ ఒకటి రెండు గీతలుగా చీలుతుంది. మీరు గులకరాళ్లు అన్నది దీన్నే.

ఇది గోళీయ విపథనాన్ని, అంటే లెన్స్ అంచు నుంచి వచ్చే కిరణాలూ మధ్య నుంచి వచ్చేవీ ఒకేచోట కలవకపోవడాన్ని, డిజైనర్ ఎంతవరకు సరిదిద్దాడన్న దాన్ని బట్టి వస్తుంది. కొంచెం తక్కువ సరిదిద్దితే వెనక బ్లర్ మెత్తగా, ముందు బ్లర్ కరుకుగా వస్తుంది. ఎక్కువ సరిదిద్దితే తారుమారు. పూర్తిగా సరిదిద్దితే మచ్చ అంతా ఒకే వెలుగుతో రెండు వైపులా సమానంగా ఉంటుంది. పాత పోర్ట్రెయిట్ లెన్సుల్లో చాలావాటిని తెలిసే తక్కువ సరిదిద్దారు. అందుకే వాటిలో పూర్తి అపెర్చర్ దగ్గర, అంటే రంధ్రం పూర్తిగా తెరిచినప్పుడు, ముఖం మీద పలచటి పొగలాంటి మెరుపు, వెనక వెన్న. నికాన్ 1990లో తెచ్చిన 135 ఎఫ్ 2 డీసీ లెన్స్‌లో ఈ విపథనాన్ని ముందుకో వెనక్కో జరపడానికి ఏకంగా ఒక రింగే పెట్టారు. మినోల్టా 1999లో ఇంకో దారి పట్టింది. 135 ఎఫ్ 2.8 ఎస్‌టీఎఫ్ లెన్స్ లోపల అంచులకు పోయేకొద్దీ నల్లబడే గాజు పలకను పెట్టి మచ్చల అంచులనే కరిగించేసింది. దానికి మూల్యం వెలుగు. పేరుకు ఎఫ్ 2.8 అయినా లోపలికి వచ్చే వెలుగు ఎఫ్ 4.5 అంతే, దాన్నే టి 4.5 అని రాస్తారు. అంత మెత్తటి వేపచెట్టును నేను మరే లెన్స్‌లోనూ చూడలేదు. చేత్తో ఫోకస్ చేయాలి కాబట్టి పరిగెత్తే పాపకు మాత్రం పనికిరాదు.

మీరు "నాణ్యత" అన్న మాటను నేను రెండుగా విడదీస్తాను. ఈనాటి 135 ఎఫ్ 1.8 లెన్సులు, 2017లో వచ్చిన సిగ్మా ఆర్ట్, 2019లో సోనీ జీ మాస్టర్, 2022లో ప్రకటించిన కెనాన్ ఆర్ఎఫ్, 2023లో నికాన్ ప్లీనా, ఇవన్నీ పూర్తి అపెర్చర్ దగ్గరే కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత పదునైనవి. పదును గురించి వీటి మధ్య పోట్లాడుకోవడం దండగ. నా కన్ను పోయేది వేరే చోటికి, పట్టుచీర జరీ మీదికి.

జరీ మీద వెలుగు పడ్డప్పుడు ఫోకస్‌కు కొంచెం ముందున్న మెరుపుల చుట్టూ ఊదా రంగు, వెనకున్న మెరుపుల చుట్టూ ఆకుపచ్చ రంగు పట్టడం చూసే ఉంటారు. అది వర్ణ విపథనం. ఒక్కో రంగు ఒక్కో దూరంలో ఫోకస్ కావడం వల్ల వస్తుంది. ఫ్రేమ్ మూలల్లో వచ్చే రంగు అంచులను సాఫ్ట్‌వేర్ సులువుగా తుడిచేస్తుంది. ఇది అలా పోదు. తుడవబోతే ఆకుపచ్చ అంచు చీరలో, ఊదా రంగు జాకెట్‌లో అసలు రంగు కూడా పోతుంది. లాడ్ బజార్‌లో రాళ్ల గాజుల దుకాణం ముందు మీ 85 ఎఫ్ 1.8తో ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, నేను చెప్పేది కనిపిస్తుంది. మంచి 135ల్లో ఇది చాలా తక్కువ. 85 ఎఫ్ 1.4ల్లో మోడల్‌ను బట్టి బాగా తేడా ఉంటుంది. నన్ను అడిగితే ఖరీదైన లెన్స్‌కు డబ్బు పెట్టడానికి బ్లర్ కన్నా ఇదే బలమైన కారణం, ముఖ్యంగా మన పెళ్లిళ్లలో.

ఫ్రేమ్ అంచుల వైపు గుండ్రటి మచ్చలు నిమ్మకాయ ఆకారంలోకి, పిల్లి కన్నులా మారతాయి. పక్క నుంచి చూసినప్పుడు లెన్స్ గొట్టమే రంధ్రాన్ని కొంత కప్పేయడం దీనికి కారణం. రంధ్రాన్ని ఎఫ్ 2 లేదా 2.8కు మూస్తే తగ్గుతుంది. ప్లీనాను అంచుల దాకా గుండ్రంగా ఉండేలా ప్రత్యేకంగా చేశారు, ధర కూడా అలాగే ఉంటుంది. కొందరికి ఈ పిల్లి కన్ను అసలు నచ్చదు. నాకు పెద్ద పట్టింపు లేదు. వియన్నాలో 1840 నాటి పెట్జ్‌వాల్ పోర్ట్రెయిట్ లెన్స్ అంచుల్లో సుడి తిరిగే బ్లర్‌ను ఈనాడు డబ్బు పెట్టి మరీ కొనుక్కుంటున్నారు. మచ్చల లోపల ఉల్లిపాయ కోసినట్టు వలయాలు కనిపిస్తే మాత్రం నాకు చిరాకు. అచ్చులో పోసిన ఆస్ఫెరికల్ (పూర్తి గోళాకారం కాని) గాజు ఉపరితలం మీది సన్నటి గాట్లు అవి. మొదటితరం లెన్సుల్లో ఎక్కువ, ఈమధ్య వాటిలో బాగా తగ్గాయి.

లెన్స్‌ను తిట్టే ముందు కెమెరా మెనూ ఒకసారి చూడండి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో "ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ షట్టర్" అని ఒక సౌకర్యం ఉంటుంది, షట్టర్ మొదటి తెర పనిని సెన్సరే చేస్తుంది. శబ్దం, అదురు తగ్గుతాయి కాబట్టి చాలామంది దాన్ని అలాగే ఉంచేస్తారు. పెద్ద అపెర్చర్, సెకనులో వెయ్యో వంతు కన్నా వేగవంతమైన షట్టర్ రెండూ కలిస్తే, అది బ్లర్ మచ్చలను ఒక వైపు కోసేస్తుంది. మన ఎండలో ఆ వేగాలు తప్పవు. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100 దగ్గర నడి ఎండలో ఎఫ్ 1.4కు సెకనులో పన్నెండు వేలో వంతు కన్నా వేగం కావాలి, నీడలో కూడా వెయ్యి దాటుతుంది. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఒక ఉదయమంతా తీసిన ఫోటోల్లో మచ్చలన్నీ కింద చెక్కేసినట్టు వచ్చి, లెన్స్ లోపల ఏదో పక్కకు జరిగిందని సర్వీసుకు కూడా ఇచ్చాను. వాళ్లు ఏమీ లేదని తిప్పి పంపారు. తప్పు నా మెనూలో ఉంది. పూర్తి మెకానికల్ షట్టర్‌కు మార్చగానే గుండ్రంగా వచ్చాయి. మీ పాప ఫోటో ఎంత షట్టర్ వేగంలో తీశారో చూసుకోండి, సగం గులకరాళ్లు అక్కడే తేలవచ్చు. ముందు బిగించిన చవక యూవీ ఫిల్టర్ కూడా టెలిఫోటో బ్లర్‌ను గరుకు చేయగలదు. దాన్ని విప్పేసి ఒక ఫోటో తీసి పోల్చండి.

ఇక చెట్టు. ఆకుల సందుల్లోంచి ఆకాశం కనిపించే నేపథ్యాన్ని మెత్తబరచడం ఏ లెన్స్‌కైనా కష్టమే. మీరూ పాపలా కింద కూర్చుని పైకి తీసి ఉంటారు, అందుకే ఆకాశం వచ్చింది. నిలబడి పాప వైపు కొంచెం కిందికి తీస్తే అదే చెట్టు వెనకున్న గడ్డి, మట్టి వస్తాయి. పాపను చెట్టు మొదలు నుంచి ఎనిమిది పది అడుగులు మీ వైపు జరపండి, మీరూ అంతే వెనక్కి జరగండి. ఉన్న లెన్స్‌తోనే బ్లర్ ఎంత పెరుగుతుందో పైన ఇచ్చిన లెక్కలో వేసి చూసుకోవచ్చు. అన్నిటికన్నా మంచిది చీకటి నేపథ్యం. సమాధుల చుట్టూ ఉన్న ఎత్తయిన ఆర్చీల కింద మనిషిని సరిగ్గా నీడ మొదలయ్యే గీత దగ్గర నిలబెట్టి బయటి నుంచి తీయండి. వెనక లోపలి చీకటి, పాత గచ్చు రంగు. మీ 85 ఎఫ్ 1.8తో, ఎఫ్ 2.8 దగ్గర కూడా, ఎవరూ గులకరాళ్లు అనరు. కెమెరాతో వెళ్లేముందు అక్కడి అనుమతుల నిబంధన కనుక్కోండి.

135 కొనాలనే అనుకుంటే ఇంకో రెండు మాటలు. బరువు చిన్న విషయం కాదు. సిగ్మా ఆర్ట్ 1130 గ్రాములు, సోనీది 950, మీ 85 లాంటివి నాలుగైదు వందల లోపే. ఉదయం నుంచి సాయంత్రం దాకా మెడలో వేసుకుని చూస్తే తేడా తెలుస్తుంది. నిలువెత్తు ఫోటోకు ఏడున్నర మీటర్లు వెనక్కి వెళ్లాలి. అంత దూరం నుంచి పిల్లలతో మాట్లాడుతూ నవ్వించడం కుదరదు, అరవాల్సి వస్తుంది. పిల్లల ఫోటోలకు నేను ఇప్పటికీ 85 వాడటానికి కారణం ఇదే. జంటలకు మాత్రం ఆ దూరమే మేలు, కెమెరా మొహం మీద లేనప్పుడు సిగ్గు తగ్గుతుంది.

కోఠీ గుజరాతీ గల్లీలో వాడిన లెన్స్ చూడబోతే ఫోన్ టార్చ్ తీసుకెళ్లండి. వెనక మూత తీసి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, టార్చ్ వెలుగు ఒక పక్క నుంచి పడేలా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. వానాకాలం బీరువాలో పడి ఉన్న లెన్సులకు ఇది మామూలే. ధర సగం చెప్పినా తీసుకోవద్దు. తర్వాత దుకాణం చివర టార్చ్ వెలిగించి పెట్టి, దాన్ని బ్లర్ చేసి, ఫ్రేమ్ మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు తీయండి. నాలుగు మూలల పిల్లి కన్నులూ ఒకే తీరుగా ఉండాలి. ఒక మూల వేరుగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగిందని అనుమానించాలి.

కొనకముందు ఒక శనివారానికి 135 అద్దెకు తెచ్చుకోండి. అదే పాప, అదే వేపచెట్టు. రెండు లెన్సులతో, నేను చెప్పిన చోట నిలబెట్టి ఒకసారి, పాత చోట కూర్చోబెట్టి ఒకసారి తీసి, నాలుగు ఫోటోలూ నాకు పంపండి. ఏది ఏ లెన్స్‌తో తీశారో మాత్రం ముందే చెప్పకండి, నేను కూడా సరిగ్గా పోల్చుకోగలనో లేదో చూడాలి.